రోజలీ అలెన్‌ను మరిచిన కంట్రీ రేడియోకు ఒక శ్రోత బహిరంగ లేఖ

అమెరికాలో కంట్రీ సంగీతం వినిపించే రేడియో స్టేషన్ల ప్రోగ్రామ్ డైరెక్టర్లకు, మ్యూజిక్ డైరెక్టర్లకు, ఆ స్టేషన్లు నడిపే కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్ దగ్గర ఉంటాను. ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి షిఫ్టు ఉద్యోగం. ఈ దేశానికి వచ్చి పదిహేడేళ్లయింది. అప్పటి నుంచీ కంట్రీ పాటలు, అంటే ఇక్కడి పల్లె పాటల నుంచి పుట్టిన సంగీతం, వింటూ డ్యూటీకి వెళ్తున్నాను, వింటూ ఇంటికొస్తున్నాను. మీ స్టేషన్లంటే నాకు ఇష్టం. ఇష్టం ఉంది కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. 2024 జూన్ 27కి కంట్రీ గాయని, రేడియో డిస్క్ జాకీ రోజలీ అలెన్ పుట్టి సరిగ్గా నూరేళ్లు. ఆమె పుట్టిన ఓల్డ్ ఫోర్జ్ ఊరు మా ఇంటి నుంచి కారులో పావుగంట దూరం. నేను రోజూ వినే స్టేషన్‌కి ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఉత్తరం రాశాను. ఆ రోజు ఒక గంట ఆమె పాటలు వేయమని, గంట కుదరకపోతే ఒక్క పాట వేసి ఆమె పేరు, ఊరు చెప్పమని అడిగాను. జవాబు లేదు. మే నెలలో ఫోన్ చేస్తే ఈమెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. దానికీ జవాబు లేదు. జూన్ 27 వచ్చింది. డ్యూటీ దిగి వచ్చి, పడుకోకుండా మధ్యాహ్నం దాకా రేడియో ముందు కూర్చున్నాను. ఆమె పేరు వినపడలేదు. 2025లో మళ్లీ రాశాను. అప్పుడూ అంతే. ఆ స్టేషన్ పేరు ఇక్కడ రాయను. ఒక్క స్టేషన్‌ని నిలబెట్టి అడగడం నా ఉద్దేశం కాదు. ఈ మౌనం అందరిదీ.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపిస్తున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడి ఆసుపత్రుల్లో, గోడౌన్లలో, గ్యాస్ స్టేషన్లలో, డల్లాస్ చుట్టుపక్కల ఆఫీసులకు వెళ్లే కార్లలో మీ పాటలు వినే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు రోజలీ ఎవరో తెలియదు. తెలిస్తే నాతో పాటు అడుగుతారు. ఇంకో కారణం కూడా ఉంది. రోజలీ పన్నెండేళ్లు పనిచేసిన న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూఓవీ పగలంతా ఇటాలియన్ భాషలో మాట్లాడేది. వలస వచ్చినవాళ్లు తమ భాషలో వినే స్టేషన్‌లోనే కంట్రీ పాటకు చోటు దొరికింది. అలాంటి స్టేషన్‌లో పనిచేసిన మనిషి గురించి తెలుగులో రాస్తే తప్పేముంది?

ఆమె అసలు పేరు జూలీ మార్లీన్ బెడ్రా. 1924లో పుట్టారు. పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. ఓల్డ్ ఫోర్జ్ అంటే ఇప్పుడు అందరికీ నలుచదరంగా కోసే పిజ్జా గుర్తొస్తుంది కానీ, అప్పట్లో అది బొగ్గు ఊరు. భూమి కింద ఆంత్రసైట్ బొగ్గు. దాన్ని తవ్వడానికి పోలండ్, ఇటలీ, స్లొవేకియా నుంచి వచ్చినవాళ్లతో నిండిన వీధులు. ఆమెకు ఐదేళ్లు వచ్చేసరికి దేశమంతా ఆర్థిక మాంద్యం పడింది. గనులు మూతపడే రోజులు, అప్పుల రోజులు. ఆ ఇంట్లో పిల్ల గిటార్ తనంతట తానే నేర్చుకుంది. యోడెల్ కూడా తానే పట్టుకుంది.

యోడెల్ అంటే తెలుగువాళ్ల కోసం ఒక మాట. గొంతు కింది స్వరం నుంచి ఉన్నట్టుండి పై స్వరానికి ఎగిరి, అంతే వేగంగా కిందికి దిగుతుంది. మాటలుండవు, గొంతే వాయిద్యం. స్వరం విరిగే ఆ చోటును మామూలు పాటలో దాచుకుంటాం. యోడెల్లో దాన్నే వినిపించాలి. రోజలీని తర్వాత యోడెలర్ల రాణి అని పిలిచారు. 1946లో రికార్డు మీద వచ్చిన ఆమె గొంతు ఇప్పుడు విన్నా, ఆ ఎగరడంలో ఎక్కడా తడబాటు ఉండదు. గాయకుడు ఎల్టన్ బ్రిట్‌తో కలిసి పాడిన జంట పాటలు కూడా అప్పట్లో బాగా ఆడాయి.

కానీ నేను ఆమెను తలుచుకునేది గాయనిగా ఒక్కటే కాదు. 1944లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆమె డబ్ల్యూఓవీలో ‘ప్రెయిరీ స్టార్స్’ అనే కార్యక్రమం చేపట్టారు. 1956 దాకా నడిపారు. అంటే మైక్ ముందు కూర్చుని ఏ రికార్డు వేయాలో, ఏ పాట తర్వాత ఏ పాట రావాలో తానే చూసుకున్నారు. మధ్యలో శ్రోతలతో మాట్లాడారు. అదీ న్యూయార్క్‌లో. కంట్రీ సంగీతం పల్లెవాళ్లదే, పట్నంలో ఎవరు వింటారని అందరూ అనుకునే రోజుల్లో, ఆ పేరే ఇంకా స్థిరపడకముందు, దాన్ని ‘హిల్‌బిల్లీ’ అని తక్కువ చేసి పిలిచే రోజుల్లో. బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక ఈ సంగీతానికి మొదటిసారి విడిగా చార్ట్, అంటే ఆదరణను బట్టి పాటల వరస, పెట్టింది కూడా 1944 జనవరిలోనే. ఆ చార్ట్ పుట్టిన ఏడాదే ఆమె మైక్ పట్టుకున్నారు. పత్రికల్లో ఆ సంగీతం గురించి శీర్షికలు రాశారు. కంట్రీ రికార్డుల కోసమే న్యూయార్క్‌లో ఒక దుకాణం తెరిచారు. పాడినదీ ఆమే, వినిపించినదీ ఆమే, అమ్మినదీ ఆమే.

1999లో కంట్రీ మ్యూజిక్ డిస్క్ జాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటిచ్చారు. అందులో చేరిన మొదటి స్త్రీ ఆమే. ఆ హాల్ మొదలై అప్పటికి పాతికేళ్లు కావస్తోంది. ఆ ఏడాదే ఆమెకు 75 ఏళ్లు నిండాయి. 2003 సెప్టెంబర్‌లో కన్నుమూశారు.

మా ఊరి సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాది ఇల్లెందు. సింగరేణి బొగ్గు పుట్టిన ఊరు. మావాళ్లు బొగ్గుట్ట అంటారు. మా నాయిన బాయిలో పనిచేశాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, వేణ్ణీళ్లతో ఒళ్లు రుద్దుకుని, టీ తాగుతూ రేడియో పెట్టుకునేవాడు. ఆకాశవాణిలో సుశీల గారి పాట అయిపోయి జానకి గారి పాట మొదలైతే మా క్వార్టర్ల లైన్లో ఎవరూ రేడియో కట్టేయలేదు. ఇద్దరు ఆడవాళ్ల పాటలు వరసగా వచ్చాయని ఎవరికీ తోచను కూడా తోచలేదు. పాట బాగుంటే వాల్యూమ్ పెంచేవాళ్లు, అంతే.

2008లో ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, మా ఆయన కొన్న పాత కారులో రేడియో ఒక్కటే పనిచేసేది. ఒక తెల్లవారుజామున మంచులో వస్తుంటే లొరెట్టా లిన్ పాట వచ్చింది. బొగ్గు గని కార్మికుడి కూతురిగా పుట్టినందుకు గర్వపడుతున్నానని పాడుతున్నారు. అప్పటికి నాకు ఇక్కడి యాస సగమే అర్థమయ్యేది. ‘బొగ్గు’, ‘కూతురు’ అనే రెండు మాటలు మాత్రం అర్థమయ్యాయి. కారు పక్కకు ఆపి ఏడ్చాను. నాయిన పోయి అప్పటికి నాలుగు నెలలు. అలా నేను మీ శ్రోతనయ్యాను. మీ రేడియోలో ఒక ఆడమనిషి గొంతు వల్ల.

అందుకే ఇప్పుడు రాసేది చదువుతున్నప్పుడు బయటి నుంచి ఎవరో వేలెత్తి చూపిస్తున్నారనుకోకండి.

2015లో కీత్ హిల్ అనే రేడియో కన్సల్టెంట్ మీ వృత్తి పత్రికలోనే చెప్పిన మాట మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కంట్రీ రేడియో సలాడ్ అయితే మగ గాయకులు ఆకుకూర అనీ, ఆడవాళ్లు పైన వేసే టమాటాలు అనీ. రేటింగ్ కావాలంటే ఆడవాళ్ల పాటలు తగ్గించమని. 2020 జనవరిలో మిషిగన్‌లోని ఒక స్టేషన్, ఇద్దరు ఆడవాళ్ల పాటలు వరసగా వేయడం తమకు కుదరదని బహిరంగంగానే ట్వీట్ చేసింది. గొడవయ్యాక కొన్నాళ్లు అందరూ బాధపడ్డారు. కంట్రీ వీడియోలు వేసే సీఎంటీ చానల్ సగం సగం వేస్తామని మాటిచ్చింది. ఇక్కడి పెద్ద రేడియో కంపెనీలు మాత్రం అలాంటి మాట ఇచ్చినట్టు నేను వినలేదు.

ఆ మాటల వెనుక లెక్కలు ఇవి. ఒట్టావా విశ్వవిద్యాలయం పరిశోధకురాలు జేడా వాట్సన్ ఏడాది చివర వచ్చే కంట్రీ రేడియో ప్రసార నివేదికలు తీసి లెక్కగట్టారు. 2000 సంవత్సరంలో ఆడవాళ్ల పాటలు 33.3 శాతం. 2018 నాటికి 11.3 శాతం. మూడింట ఒక వంతు నుంచి తొమ్మిదింట ఒక వంతుకు. ఇరవై ఏళ్లలో ఆడవాళ్లకు పాడటం చేతకాకుండా పోయిందా? పోలేదు. మారింది మీ పద్ధతి.

ఆ పద్ధతి ఎలా మారిందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టానికి ముందు ఒక కంపెనీ దేశం మొత్తం మీద 40 రేడియో స్టేషన్లకు మించి పెట్టుకోకూడదు. చట్టం ఆ హద్దు ఎత్తేసింది. కొద్ది ఏళ్లలోనే ఒక్క కంపెనీ చేతిలోకి వెయ్యికి పైగా స్టేషన్లు వెళ్లాయి. ఊళ్లో కూర్చుని ఊరివాళ్ల కోసం పాట ఎంచే మనిషి తగ్గిపోయాడు. ఎక్కడో తయారైన జాబితా అన్ని ఊళ్లకూ ఒకటే అయింది. శ్రోతలకు పాట ముక్కలు వినిపించి, తెలిసినదేనా, నచ్చిందా అని అడిగి మార్కులు వేయడం మొదలైంది. వినని పాట తెలిసినదెలా అవుతుంది? తక్కువ వేస్తారు, కాబట్టి తక్కువమందికి తెలుస్తుంది, కాబట్టి మార్కులు తక్కువ వస్తాయి, కాబట్టి ఇంకా తక్కువ వేస్తారు. చివరకు శ్రోతలే అడగడం లేదంటారు. అడిగిన నాకు మీరు జవాబు ఇవ్వలేదు.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది:

1. సంసారాలు దెబ్బతింటున్నాయి. ఈ దేశంలో మామూలు రేడియోలో పాట వేస్తే పాడినవాళ్లకు రేడియో డబ్బు కట్టదు. పాట రాసినవాళ్లకు, ప్రచురణ హక్కులున్నవాళ్లకే వస్తుంది. కాబట్టి ఒక గాయని పాట పక్కన పెడితే, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో ఆ పాట రాసినవాళ్ల, ఆడైనా మగైనా, ఇంటి అద్దె ఆగిపోతుంది. పాడిన ఆమెకు రేడియో డబ్బు రాకపోయినా, రేడియోలో వినపడితేనే సంతల్లో, హాళ్లలో కచేరీకి పిలుస్తారు, అవార్డుల్లో పేరు వస్తుంది. ఆమెతో పాటు తిరిగే డ్రమ్ములు వాయించే అతనికి, బస్సు డ్రైవరుకు, సౌండ్ చూసే అమ్మాయికి అదే బతుకు. మీరు ఒక పాట తీసేసినప్పుడు తీసేసేది ఒక్క గొంతును కాదు.

2. వయసు. 2014 నుంచి 2018 దాకా పెద్ద హిట్లయిన 500 కంట్రీ పాటలను సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలించారు. పాడినవాళ్లలో ఆడవాళ్లు 16 శాతమే. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో లెక్క: పైన నిలిచిన మగ గాయకుల సగటు వయసు 42 ఏళ్లు, ఆడవాళ్లది 29. పిల్లల్ని కన్నాక, భర్త పోయాక, తల్లిని చూసుకున్నాక, మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక ఆడదానికి చెప్పడానికి ఎన్ని కథలుంటాయి! కంట్రీ సంగీతం బతికేదే అలాంటి కథల మీద. ఆడవాళ్లను తప్పుపట్టిన ఒక మగ గాయకుడి పాటకు కిట్టీ వెల్స్ 1952లో ఆడవాళ్ల తరఫున జవాబు చెప్పిన పాట పాడేటప్పటికి ఆమెకు 30 దాటాయి, ఇంట్లో పిల్లలున్నారు. రికార్డింగ్‌కు వచ్చే 125 డాలర్ల కోసం ఒప్పుకున్నారు. ఎన్‌బీసీ నెట్‌వర్క్ ఆ పాటను ప్రసారం చేయనివ్వలేదు. అయినా అది మొదటి స్థానానికి వెళ్లింది. బిల్‌బోర్డ్ కంట్రీ చార్ట్‌లో ఒంటరిగా పాడిన ఒక స్త్రీ మొదటి స్థానంలో నిలవడం అదే తొలిసారి. ఈ రోజు అదే కిట్టీ వెల్స్ మీ ఆఫీసుకు వస్తే వయసు చూసి వెనక్కి పంపించరని నాకు నమ్మకం లేదు.

3. రాత్రికి తోసేయడం. ఇది నాకు స్వయంగా తెలిసిన సంగతి. తెల్లవారుజామున మూడింటికి ల్యాబ్‌లో మెషిన్ల మధ్య కూర్చున్నప్పుడు నాకు ఒకదాని వెనుక ఒకటి గాయనుల పాటలు వినపడతాయి. మా ఆయన గోడౌన్‌లో పొద్దున షిఫ్టు. ఎనిమిదింటికి కారులో వెళ్తూ అదే స్టేషన్ వింటాడు. నేను మెచ్చుకున్న పాట గురించి ఇంటికొచ్చి చెప్తే, “అలాంటి పాటే నేను వినలేదే” అంటాడు. మొదట్లో ఆయనకు మతిమరుపనుకున్నాను. తర్వాత తెలిసింది, వాట్సన్ పరిశోధనలో కూడా అదే తేలిందని. ఆడవాళ్ల పాటలకు దొరికే ప్రసారాల్లో రాత్రి వేళల వాటా ఎక్కువ. జనం ఎక్కువగా వినే ఉదయం, సాయంత్రం కారు ప్రయాణాల వేళల్లో తక్కువ. లెక్కలో వేసినట్టే ఉంటుంది, వినేవాళ్లుండరు. నాలాంటి నర్సులు, ల్యాబ్ వాళ్లు, ట్రక్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు వింటారు. మేం వింటున్నందుకు సంతోషమే. కానీ మేం మెలకువగా ఉన్నాం కదా అని పగటివాళ్లకు దక్కాల్సింది దాచేయకూడదు.

4. నల్లజాతి గాయనుల పరిస్థితి ఇంకా అన్యాయం. 1969లో లిండా మార్టెల్ నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీ మీద పాడారు. అక్కడ ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి స్త్రీ ఆమే. ఒక్క ఆల్బమ్‌తో ఆమె కంట్రీ ప్రయాణం ఆగిపోయింది. బిల్‌బోర్డ్ హాట్ కంట్రీ సాంగ్స్ చార్ట్‌లో ఒక నల్లజాతి స్త్రీ మొదటి స్థానానికి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. అది కూడా బియాన్సే అంతటి మనిషికి. ఆమె పాట వేయమని ఒక శ్రోత అడిగితే ఓక్లహోమాలో ఒక చిన్న స్టేషన్ ముందు కాదంది, వేల మంది అడిగాక వేసింది. బియాన్సే కోసం వేల మంది అడుగుతారు. ఎవరూ ఎరగని అమ్మాయి కోసం ఎవరు అడుగుతారు?

5. పిల్లలు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. గిటార్ నేర్చుకుంటోంది. రోజలీ పాత రికార్డు ఒకటి వినిపిస్తే రెండు నెలలు ఇల్లంతా యోడెల్ సాధన చేసింది. పక్కింటి ముసలాయన, ఆయన తండ్రి కూడా ఇక్కడి గనిలోనే పనిచేశాడు, గోడ అవతల నుంచి చప్పట్లు కొట్టాడు. ఒకరోజు కారులో గంటసేపు రేడియో విన్నాక అడిగింది: “అమ్మా, రోజలీ అమ్మమ్మ కాలంలోనే ఆడవాళ్లకు ప్రోగ్రామ్ ఇచ్చారు కదా, ఇప్పుడెందుకు తగ్గిపోయారు?” దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీకు పంపిస్తున్నాను.

మీరు చెప్పే సమాధానాలు కొన్ని నాకు ముందే తెలుసు. లేనీ విల్సన్ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. 2023లో ఆమె కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే ఆ ఏటి మేటి కళాకారుల అవార్డు గెలిచినప్పుడు నేను ల్యాబ్‌లో అందరికీ స్వీట్లు పంచాను. కానీ అంతకుముందు ఒక స్త్రీకి ఆ అవార్డు వచ్చింది 2011లో. పన్నెండేళ్లకు ఒకరు వచ్చారని తలుపు తెరుచుకున్నట్టు కాదు. పైగా ఆ అవార్డు గెలిచిన మొదటి స్త్రీ లొరెట్టా లిన్. అది 1972లో. యాభై ఏళ్ల కింద వేసిన దారి ఇది. దాని మీద మళ్లీ మళ్లీ ముళ్లకంప ఎవరు వేస్తున్నారు?

ఇది వ్యాపారం, జనం ఏది వింటే అదే వేస్తామంటారు. లొరెట్టా లిన్ 1975లో గర్భనిరోధక మాత్రల గురించి పాడితే చాలా స్టేషన్లు ఆ పాట వేయలేదు. జనం వెళ్లి రికార్డు కొనుక్కున్నారు. జనానికి ఏం కావాలో ప్రతిసారీ స్టేషన్‌కే ముందు తెలుస్తుందనే నమ్మకం నాకు లేదు. రోజలీ 1944లో న్యూయార్క్‌లో కంట్రీ పాట వేసేముందు ఎవరికీ ముక్కలు వినిపించి మార్కులు వేయించలేదు. తనకు నచ్చింది వేశారు, అది ఎందుకు నచ్చిందో చెప్పారు. పన్నెండేళ్లు జనం విన్నారు.

కాబట్టి మర్యాదగానే, గట్టిగానే అడుగుతున్నాను:

1. ఇద్దరు ఆడవాళ్ల పాటలు వరసగా వేయకూడదనే నియమం మీ దగ్గర రాతలో ఉన్నా, రాయకుండా అలవాటుగా ఉన్నా, తీసేయండి. తీసేశామని మీ మైక్‌లోనే చెప్పండి. పాటలు వరస పెట్టే కంప్యూటర్‌లో ఆ షరతు ఉంటే దాన్ని కూడా తొలగించండి. మీరు మాట ఇచ్చినా అది ఒప్పుకోకపోతే ప్రయోజనం లేదు.

2. ప్రతి నెలా మీ స్టేషన్‌లో ఎన్ని పాటలు ఆడవాళ్లవి, ఎన్ని మగవాళ్లవి, వాటిలో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు ఎన్ని వేశారు అనేది మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. వేసిన ప్రతి పాట లెక్కా మీ దగ్గర ఉంటుంది. చూపించడానికి ఖర్చేమీ కాదు.

3. కొత్త పాటను శ్రోతలతో పరీక్ష చేయించేముందు అందరి పాటలకూ ఒకే సంఖ్యలో వారాలు, ఒకే వేళల్లో అవకాశం ఇవ్వండి. రాత్రి రెండింటికి వేసిన పాటకు, పొద్దున ఎనిమిదింటికి వేసిన పాటకు ఒకే పరీక్ష పెట్టడం న్యాయం కాదు.

4. ‘ప్రెయిరీ స్టార్స్’ కార్యక్రమం పన్నెండేళ్లు నడిచింది. ఆ ప్రసారాల్లో ఏ ముక్క ఎక్కడ మిగిలి ఉన్నా, మీ పాత గదుల్లో కావచ్చు, సేకరించేవాళ్ల ఇళ్లలో కావచ్చు, వెతికించండి. డిజిటల్ చేయించి గ్రంథాలయాలకు ఇవ్వండి. ఆమె పాటలు రికార్డుల మీద ఉన్నాయి. పాటకూ పాటకూ మధ్య ఆమె మాట్లాడిన మాటలు కావాలి. ఒక డిస్క్ జాకీ పని ఉండేది అక్కడే.

5. శ్రోత ఉత్తరం రాస్తే జవాబు ఇవ్వండి. కుదరదు అని రాసినా సరే. మేం రాసిన కాగితాన్ని ఒక మనిషి చదివాడని తెలియడం మాకు ముఖ్యం. నా పదిహేడేళ్ల స్నేహానికి ఆ మాత్రం అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

6. ప్రతి ఏటా జూన్ 27న ఒక గంట కేటాయించండి. రోజలీ అలెన్, ఆమెకు ముందు 1935లోనే కౌబాయ్ ప్రియురాలినవ్వాలని పాడిన ప్యాట్సీ మోంటానా, 1936లో దేశమంతటా శ్రోతలు ఓట్లు వేసి రేడియో రాణిగా ఎన్నుకున్న లులు బెల్, 1939లో వైట్ హౌస్‌లో ఇంగ్లండ్ రాజు ముందు వాయించిన కూన్ క్రీక్ గర్ల్స్, కిట్టీ వెల్స్, లొరెట్టా లిన్, లిండా మార్టెల్. ఆ గంటలో వరసగా ఆడవాళ్ల పాటలే వస్తాయి. ఒక్కసారి వేసి చూడండి. ఎంతమంది స్టేషన్ మారుస్తారో మీరే లెక్క చూసుకోండి.

తెలుగు పాఠకులకు రెండు మాటలు. మీరు ఏ ఊళ్లో ఉన్నా, మీ కారులో వచ్చే కంట్రీ స్టేషన్‌కు ఒక్క ఫోన్ చేయండి. ఫలానా గాయని పాట పగటిపూట వేయమని పేరు పెట్టి అడగండి. యాస ఎలా ఉంటుందో, ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి. ఈ సంగీతాన్ని న్యూయార్క్‌లో వినిపించిన మనిషి కూడా వలస వచ్చినవాళ్ల బిడ్డే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు పాడతామంటే, ఆ పాటకు ఈ రేడియోలో చోటుండాలి కదా.

డైరెక్టర్ గారూ, చివరగా నా సొంత విన్నపం ఒకటి. నాకు ఇప్పటికీ రాత్రి షిఫ్టే. వచ్చే జూన్ 27న కూడా డ్యూటీ పడుతుంది. అయినా రోజలీ పాటను నా కోసం రాత్రికి పెట్టకండి. పొద్దున ఎనిమిదింటికి, మా ఆయన గోడౌన్‌కు వెళ్తున్నప్పుడు, ఊరంతా కార్లలో ఉన్నప్పుడు వేయండి. నేను నిద్ర ఆపుకుని వింటాను.

ఇట్లు,
మీ శ్రోత,
సింగరేణి బాయి కార్మికుడి కూతురు,
స్క్రాంటన్ దగ్గర, పెన్సిల్వేనియా